రెండవదిగా వచ్చిన గుర్రము

హైదరాబాదు నుండి చేవెళ్ల పోయే బాట మీద, ఒక ప్రక్క ఉస్మాన్‌సాగరు, మరొక ప్రక్క హిమాయత్‌సాగరు ఉండగా, నడుమ నున్న గ్రామము అజీజ్‌నగర్. 1908 నాటి మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట, అటువంటి ఉపద్రవము మరల రాకుండుటకై కట్టిన జలాశయములివి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయినవి. ఈ రెండు చెరువుల నడిమి నేల నగరపు ఒరిపిడికి ఇంకను పూర్తిగా లోబడలేదు. అందుచేతనే కాబోలు, గుర్రపుస్వారీ నేర్పేవారు, పోలో ఆడేవారు ఈ వైపు చేరినారు. తెల్లవారుజామున ఆ బాటన పోయేవారికి పొలముల మీదుగా డెక్కల చప్పుడు వినవచ్చుట వింత కాదు.

ఆ చప్పుడు కోసమే మేము ఒక ఉదయము అక్కడికి పోయినాము. రేడియో వారికి గుర్రపు డెక్కల చప్పుడు ఎప్పటికప్పుడు కావలసిన సరుకు. మా పెద్దలు నాటకములో రాజకుమారుడు రాగానే రెండు కొబ్బరిచిప్పలను బల్ల మీద తాటించి సరిపెట్టుకొనేవారట. ఈనాటి శ్రోతలు కొబ్బరిచిప్పను ఇట్టే పసిగట్టగలరు గనుక, నిజమైన గుర్రములనే వెదుక్కొంటూ వెళ్లవలసి వచ్చినది.

లాయములో ఒక మూలగా ముదురు గోధుమవన్నె గుర్రమొకటి నిలిచి ఉన్నది. వయసు మీదపడినను మెడ వంపు, కాళ్ల తీరు చూడగానే మేలుజాతి అని తెలుస్తూనే ఉన్నది. దాని జూలు దువ్వుతున్న సాయీసును అడిగినాము. "మలక్‌పేటల ఉరికిన గుర్రం సార్ ఇది" అన్నాడతడు. ఎన్ని పందెములు గెలిచినదని మా తరువాతి ప్రశ్న. "గెలిచింది తక్కువే సార్. సెకండు మస్తుసార్లు వచ్చింది. దీని ముందల ఒక గుర్రం పోతుండె, దాని ఎనక ఇది." ఆ ముందు పోయిన గుర్రము పేరు అతడు తడుముకోకుండా చెప్పినాడు. దీని పందెపు పేరు అడిగితే మాత్రము కొంత ఆలోచించి, గుర్తుకు రావడము లేదన్నాడు. లాయములో అందరూ దీనిని రాజా అని పిలుస్తారట.

దానిని ప్రేమతో సాకుతున్న మనిషికే దాని పేరు గుర్తు లేదు. దానిని ఓడించిన గుర్రము పేరు మాత్రము గుర్తున్నది. ఇది ఆ సాయీసు తప్పు కాదు. పందెపు లోకము నడిచే తీరే అటువంటిది. ఆ తీరును తెలుసుకొనుటకు అర్ధశతాబ్దము క్రిందట అమెరికా దేశములో పరుగెత్తిన ఒక గుర్రము కథను మించిన ఉదాహరణము మాకు కనబడలేదు. ఆ గుర్రము పేరు షామ్.

కథలోనికి పోవుటకు ముందు మేలుజాతి గుర్రమనగా ఏమో కొంత చెప్పుకొందాము. ప్రపంచమంతటను పందెములలో పరుగెత్తే థరోబ్రెడ్ అనే జాతి ఇంగ్లండులో రూపొందినది. పదునేడవ శతాబ్ది చివర, పదునెనిమిదవ శతాబ్ది మొదట తూర్పుదేశముల నుండి అక్కడికి చేరిన మూడు మగగుర్రములు, బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనేవి, ఈ జాతికి మూలపురుషులు. నేడు మలక్‌పేటలో పరుగెత్తే ఏ గుర్రమునకైనను తండ్రివైపు వంశము తవ్వుకొంటూ పోతే ఈ మూడింటిలో ఒకదానికి చేరుతుంది. ఆ వంశావళుల పుస్తకము 1791 నుండి అచ్చు అవుతున్నది.

అరబ్బు, పారశీక దేశముల గుర్రములు తెలుగువారికి క్రొత్తవి కావు. విజయనగర ప్రభువులు సముద్రము మీదుగా వాటిని తెప్పించి సైన్యములను నింపినారు. గుర్రముల లక్షణములను చెప్పుటకు మనుమంచిభట్టు హయలక్షణవిలాసమనే కావ్యమునే తెలుగున రచించినాడు. భారతములో అశ్వవిద్య తెలిసినవాడు నకులుడు. విరాటుని కొలువులో దామగ్రంథి అనే పేరుతో గుర్రములను కాచినవాడు. భీమార్జునుల తరువాత పుట్టి వారి నీడలో మసలిన ఆ సోదరునికే అశ్వవిద్య దక్కుట మా కథకు ఎంతో తగిన విషయముగా తోస్తున్నది.

హైదరాబాదులో పందెములు మొదట మౌలాలీ ప్రాంతమున జరిగేవి. 1886లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు తెప్పించినాడు. ఆయన మరణానంతరము అవి సికింద్రాబాదు పరేడ్ మైదానమునకు తరలి, 1968లో తిరిగి మలక్‌పేటకు వచ్చినవి. డెక్కన్ డెర్బీ అనే పెద్ద పందెము అక్కడనే జరుగుతుంది. పందెములలో ఇండ్లు గుల్ల చేసుకొన్నవారు నగరమున ఎందరో కలరు. అట్టి జూదమును మేము మెచ్చుకొనబోము. మా దృష్టి అంతయు పరుగెత్తే ప్రాణి మీదనే.

ఇక షామ్ కథ. 1970 మార్చి 30వ తేదీన వర్జీనియాలో ఎర్రవన్నె మగపిల్ల ఒకటి పుట్టినది. దానికి సెక్రటేరియట్ అని పేరు పెట్టినారు. పది రోజుల తరువాత, ఏప్రిల్ 9వ తేదీన, కెంటకీ రాష్ట్రములోని క్లెయిబోర్న్ క్షేత్రమున ముదురువన్నె మగపిల్ల పుట్టినది. అదే షామ్. ఈ రెండింటి తల్లులకు తండ్రి ఒకటే గుర్రము, ప్రిన్స్‌క్విల్లో అనేది. అనగా ఈ ప్రత్యర్థులిద్దరు ఒకే మాతామహుని మనుమలు.

షామ్ అనే పేరు వినగానే హైదరాబాదు వారికి సాయంకాలము స్ఫురిస్తుంది. సిరియా దేశమునకు అరబ్బీలో షామ్ అనే పేరు కలదు. కాని ఈ గుర్రము పేరులో ఉన్నది ఇంగ్లీషు మాట. దానికి బూటకము అని అర్థము. తండ్రి పేరు ప్రిటెన్స్, అనగా నటన. నటనకు పుట్టినది బూటకమని పేరు పెట్టినవారి చమత్కారము. ఆ పేరుకు ఆ గుర్రము ఏపాటి తగినదో శ్రోతలే నిర్ణయింతురు గాక.

క్లెయిబోర్న్ యజమాని బుల్ హాంకాక్ 1972 సెప్టెంబరులో మరణించినాడు. ఆయన పందెపు గుర్రములను ఆ ఏడే వేలము వేసినారు. న్యూయార్కు నగరములో భవనములు కట్టించే సిగ్మండ్ సోమర్ అనే ఆయన షామ్‌ను రెండు లక్షల డాలర్లకు కొన్నాడు. శిక్షకుడు క్యూబా నుండి వచ్చిన ఫ్రాంక్ మార్టిన్. స్వారీ చేసిన జాకీ పనామా దేశీయుడు లాఫిట్ పింకే. ఆ కాలపు మేటి జాకీలలో ఆయన ఒకడు.

అటు సెక్రటేరియట్ రెండవ యేటనే ఆ దేశమున ఆ సంవత్సరపు ఉత్తమాశ్వముగా ఎన్నికైనది. పరుగులు ఇంకను ముగియకముందే, 1973 మొదటిలో, దాని సంతాన హక్కులను వాటాలుగా వేసి అరువది లక్షల డాలర్లకు పైగా అమ్మినారు. యజమానురాలు పెన్నీ చెనరీ, శిక్షకుడు లూసియన్ లారిన్, జాకీ రాన్ టర్కాట్. మూడవ యేడు రాగానే దేశమంతయు దాని మీదనే కన్ను వేసి కూర్చున్నది.

అమెరికాలో మూడేళ్ల గుర్రములకు మూడు మహాపందెములు కలవు. మే నెల మొదట కెంటకీ డెర్బీ, రెండు వారములకు ప్రీక్‌నెస్, జూన్‌లో బెల్మాంట్. మూడింటిని ఒకే గుర్రము గెలిస్తే దానికి త్రిపుల్ క్రౌన్ దక్కినదంటారు. 1948లో సైటేషన్ అనే గుర్రము గెలిచిన తరువాత పాతికేండ్లపాటు మరి దేనికిని అది దక్కలేదు.

షామ్ తక్కువ గుర్రమేమియు కాదు. 1973లో కాలిఫోర్నియాలోని శాంటా అనీటా డెర్బీని 1 నిమిషము 47 సెకన్లలో గెలిచి ఆ పందెపు రికార్డుతో సరితూగినది. ఏప్రిల్ 21న న్యూయార్కులో జరిగిన వుడ్ మెమోరియల్ పందెములో యాంగిల్ లైట్ అనే గుర్రము మొదటిది, తలకట్టు తేడాతో షామ్ రెండవది. సెక్రటేరియట్ మూడవది, షామ్ కంటె నాలుగు పొడవులు వెనుక. సెక్రటేరియట్ నోటిలో కురుపు లేచి ఉన్నదని తరువాత తెలిసినది. ఏది ఎట్లున్నను, ఆ రోజున షామ్ దానిని ఓడించిన మాట నిజము.

ఇక్కడ పొడవు అనే మాటకు అర్థము చెప్పవలెను. పందెములలో గుర్రముల నడుమ ఎడమును గుర్రపు నిడివితోనే కొలుస్తారు. ముక్కు నుండి తోక మొదలు వరకు సుమారు 8 అడుగులు, అనగా 2.4 మీటర్లు. అంతకు తక్కువైతే మెడ, తల, ముక్కు అని చెబుతారు. ఆ రోజులలో గడియారము కొలిచేది మొదటి గుర్రమునే, అదియు సెకనులో అయిదవ వంతు వరకు. వెనుక వచ్చిన వాటికి అధికారికమైన కాలము ఉండదు. ఎన్ని పొడవులు వెనుకనో వ్రాసి ఊరుకొనేవారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. మా కథకు కీలకము ఇదే.

1973 మే 5వ తేదీ. కెంటకీ డెర్బీకి 13 గుర్రములు నిలిచినవి. దూరము ఒకటింబావు మైలు, సుమారు 2,012 మీటర్లు. బయలుదేరు ద్వారము వద్ద ప్రక్కనున్న ట్వైస్ ఎ ప్రిన్స్ అనే గుర్రము చెలరేగి అల్లరి చేసినది. ఆ గందరగోళములో షామ్ తల ద్వారపు ఇనుమునకు కొట్టుకొని పళ్లు రెండు కదలి ఊడినవి. నోట నెత్తురుతోనే అది బయలుదేరినది. మొదటినుండి ముందరి గుర్రముల వెన్నంటి ఉండి, చివరి మలుపు వద్ద ముందంజ వేసినది. ఎదుట గమ్యము తప్ప మరి ఏ గుర్రమును లేదు.

సెక్రటేరియట్ అన్నిటికంటె వెనుకగా బయలుదేరినది. పావుమైలు పావుమైలుకు అది పరుగెత్తిన కాలములు చూడండి: 25.2 సెకన్లు, 24, 23.8, 23.4, 23. మామూలుగా గుర్రము బయలుదేరిన వేగము చివరకు తగ్గుతుంది. ఇది ప్రతి పావుమైలును వెనుకటి దానికంటె వేగముగా పరుగెత్తినది. గమ్యమునకు రెండున్నర పొడవులు ముందుగా చేరినది. కాలము 1 నిమిషము 59 సెకన్ల 2/5. డెర్బీని రెండు నిమిషముల లోపు పరుగెత్తిన గుర్రము అంతకుముందు లేదు. 1964లో నార్తర్న్ డాన్సర్ సరిగా 2 నిమిషములలో ముగించినదే అప్పటి రికార్డు. అర్ధశతాబ్దము గడచినను సెక్రటేరియట్ రికార్డు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు రెండవ గుర్రము సంగతి లెక్క వేద్దాము. సెక్రటేరియట్ సగటు వేగము గంటకు 60 కిలోమీటర్లకు పైన. రెండున్నర పొడవులనగా 6 మీటర్లు. ఆ వేగమున ఆరు మీటర్లకు సెకనులో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ పట్టును. పందెపువారి వాడుక లెక్క ప్రకారము పొడవుకు అయిదవ వంతు సెకను చొప్పున వేసినను అర సెకను. ఎట్లు చూచినను షామ్ 1 నిమిషము 59.8, 59.9 సెకన్ల నడుమ గమ్యము చేరినది. అనగా ఆ రోజు వరకు ఉన్న రికార్డును రెండవదిగా వచ్చిన గుర్రము కూడ బద్దలు కొట్టినది. మూడవదిగా వచ్చిన అవర్ నేటివ్ షామ్‌కు ఎనిమిది పొడవుల వెనుక ఉన్నది. 2001లో మొనార్కోస్ అనే గుర్రము 1 నిమిషము 59.97 సెకన్లలో గెలుచువరకు, డెర్బీలో ఆ ఘడియను దాటినవి ఈ రెండే. వాటిలో ఒకటి రికార్డు పుస్తకములో ఉన్నది. మరొకదాని కాలము గడియారము వ్రాయలేదు.

రెండు వారముల తరువాత ప్రీక్‌నెస్. మొదటి మలుపు వద్దనే సెక్రటేరియట్ చివరి నుండి మొదటికి దూసుకొనిపోయినది. ఫలితము చిత్రము: మరల రెండున్నర పొడవుల వెనుక షామ్, దానికి మరల ఎనిమిది పొడవుల వెనుక అవర్ నేటివ్. కొలబద్ద పెట్టి గీసినట్లు మొదటి పందెమే తిరిగి వచ్చినది. విద్యుత్ గడియారము చెడిపోయి కాలమును తప్పుగా చూపినది. మొదట 1 నిమిషము 55 సెకన్లని, తరువాత 54 సెకన్ల 2/5 అని ప్రకటించినారు. చేత గడియారము పట్టుకొన్నవారు అంతకంటె తక్కువే చూచినారు. వివాదము 39 ఏండ్లు సాగినది. చలనచిత్రములను ఆధునిక సాధనములతో పరిశీలించి, 2012లో మేరీలాండ్ పందెముల అధికార సంఘమువారు దానిని 1 నిమిషము 53 సెకన్లుగా సరిదిద్దినారు. 1971 నాటి పాత రికార్డు 1 నిమిషము 54 సెకన్లు. ఇప్పుడు మరల రెండున్నర పొడవులను కలిపి చూడండి. షామ్ ఇక్కడను పాత రికార్డు కంటె ముందుగానే వచ్చినది.

రెండు మహాపందెములలో రెండుసార్లు పాత రికార్డులను దాటి, రెండుసార్లును మూడవ గుర్రమును ఎనిమిది పొడవులు వెనుక వదలి, ఒక్కటియు గెలువని గుర్రము మరి ఎక్కడ కలదు? ఏ ఇతర సంవత్సరమున పుట్టినను అది మహావిజేత అయ్యేదని చెప్పేవారు కలరు. మేము అంతవరకు పోము. సెక్రటేరియట్ తరుముకొని రాకపోతే షామ్ అంత వేగముగా పరుగెత్తి ఉండేదా అనే ప్రశ్న కూడ న్యాయమైనదే. ఒక గొప్ప ప్రత్యర్థి మనలోనుండి మనకు తెలియని శక్తిని బయటికి లాగును. అదే ప్రత్యర్థి మన పేరును కప్పివేయును. రెండును ఒకేసారి జరుగుతవి.

జూన్ 9వ తేదీన బెల్మాంట్. దూరము ఒకటిన్నర మైలు. ఆ వారముననే అమెరికాలోని మూడు పెద్ద పత్రికలు సెక్రటేరియట్ బొమ్మను ముఖపత్రముల మీద వేసినవి. నిలిచినవి అయిదే గుర్రములు. ఈసారి షామ్ మొదటినుండే సెక్రటేరియట్ ప్రక్కన బయలుదేరినది. రెండును మెడకు మెడగా మొదటి ముప్పావు మైలును 1 నిమిషము 9 సెకన్ల 4/5లో దాటినవి. అంత దీర్ఘమైన పందెమునకు అది ఆత్మహత్య వంటి వేగము. ఎవరో ఒకరు విరిగిపోవలసినదే. విరిగినది షామ్. క్రమముగా వెనుకబడినది, ఇక లాభము లేదని గ్రహించి పింకే దానిని బలవంతపెట్టలేదు. చివరకు అయిదవదిగా వచ్చినది. సెక్రటేరియట్ ఒంటరిగా పరుగెత్తి 31 పొడవుల ఎడముతో, 2 నిమిషముల 24 సెకన్లలో గెలిచినది. ముప్పదియొక్క పొడవులనగా సుమారు 75 మీటర్లు. ఆరు ఆర్టీసీ బస్సులను వరుసగా నిలిపినంత దూరము. ఆ చిత్రమునే లోకము దాచుకొన్నది. అందులో షామ్ కనబడదు. ఆ వేగమునకు మొదటి ముప్పావు మైలు నిప్పు రాజేసినది షామ్ అనే సంగతియు కనబడదు.

ఆ మరుసటి నెలలో అభ్యాసపు పరుగులో షామ్ ముందుకాలి ఎముకకు బీట పడినది. సుమారు 500 కిలోల బరువుండే గుర్రము దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క క్షణము ఒక్క కాలి మీదనే తన బరువుకు రెట్టింపు కంటె ఎక్కువ భారము మోపుతుంది. ఆ కాలు క్రిందిభాగమున కండ లేదు. ఎముక, నరము, చర్మము మాత్రమే. మేలుజాతి గుర్రమునకు వేగమిచ్చిన ఆ సన్నని కాలే దానికి గండము. శస్త్రచికిత్స చేసి ఎముకను అతికించినారు గాని, షామ్ మరల పందెమున దిగలేదు. మొత్తము 13 పరుగులలో 5 గెలిచినది, 5 సార్లు రెండవది, ఒకసారి మూడవది. తరువాత ఇరువది ఏండ్లు కెంటకీలో సంతానమును కంటూ ప్రశాంతముగా జీవించినది.

సెక్రటేరియట్ 1989 అక్టోబరు 4న డెక్కల వ్యాధి ముదిరి మరణించినది. దానిని పరీక్షించిన కెంటకీ విశ్వవిద్యాలయపు పశువైద్యుడు థామస్ స్వెర్చెక్ గుండెను చూచి ఆశ్చర్యపోయినాడు. మేలుజాతి గుర్రపు గుండె సామాన్యముగా 4 కిలోలకు అటునిటుగా ఉండును. అది అంతకు రెట్టింపు కంటె పెద్దది. వ్యాధి వలన ఉబ్బిన గుండె కాదు. పుట్టుకతో వచ్చిన ఆరోగ్యమైన గుండె. అయితే ఆనాడు ఆయన దానిని త్రాసులో వేయలేదు.

1993 ఏప్రిల్ 3న షామ్ తన ఇరువదిమూడవ యేట గుండె ఆగి మరణించినది. దానిని పరీక్షించినవాడును ఆ వైద్యుడే. ఈసారి ఆయన గుండెను తూచినాడు. 18 పౌండ్లు, అనగా 8 కిలోలకు పైన. దానితో పోల్చి, తాను నాలుగేండ్ల క్రిందట చూచిన సెక్రటేరియట్ గుండె 22 పౌండ్లు, సుమారు 10 కిలోలు ఉండవచ్చునని అంచనా కట్టినాడు.

గుండె పెద్దదైతే ఏమి లాభమని అడుగవచ్చును. నిలిచి ఉన్న గుర్రపు గుండె నిమిషమునకు 30, 40 సార్లు కొట్టుకొనును. దౌడులో అది 220 దాటును. ప్లీహము తనలో దాచుకొన్న ఎర్ర రక్తకణములను ఆ సమయమున రక్తములోనికి వదలును. నెత్తురు చిక్కబడి ప్రాణవాయువును మరింత మోయును. ఊపిరి కూడ అడుగుతో జతపడి, అడుగుకొకసారి ఆడును. ఇంతటి యంత్రములో ఒక్కొక్క దెబ్బకు గుండె ఎంత నెత్తురు తోడగలదో దానిమీదనే కండలు ఎంతసేపు అలసిపోకుండా పనిచేయునో ఆధారపడును. పెద్ద గుండె పెద్ద మోట వంటిది. అయినను గుండె ఒక్కటే పందెమును గెలువదు. కాలి తీరు, అడుగు నిడివి, మనోధైర్యము, జాకీ నేర్పు, శిక్షణ అన్నియు కలియవలెను. రెండు గుర్రములకును ఆ గుండె ఒకే మాతామహుని వైపు నుండి సంక్రమించినదేమో అని ఊహించినవారు కలరు. అది ఊహయే గాని ఇంకను నిరూపణము కాలేదు.

ఇక్కడ మాకు కనబడిన చిత్రమైన సంగతి ఒకటి చెప్పవలెను. పందెపు మైదానములో సెక్రటేరియట్ కాలము కొలిచినది, షామ్ కాలము అంచనా వేసినది. పశువైద్యుని బల్ల మీద షామ్ గుండె తూచినది, సెక్రటేరియట్ గుండె అంచనా వేసినది. మైదానమున గెలిచినదాని అంకెతో ఓడినదానిని లెక్కించినారు. ఇక్కడ ఓడినదాని అంకెతోనే గెలిచినదానిని లెక్కించవలసి వచ్చినది. సెక్రటేరియట్ గొప్పదనమును చెప్పేవారు ఎవరైనను ఆ 22 పౌండ్ల మాటను ఎత్తక మానరు. ఆ మాటకు నిలబడే ఆధారము షామ్ గుండె. బూటకమని పేరు పెట్టించుకొన్న గుర్రమునకు నిజముగా త్రాసున తూగిన సాక్ష్యము మిగిలినది.

ఇటువంటి జంట మరొకటి అయిదేండ్లకే వచ్చినది. 1978లో అఫర్మ్‌డ్ మూడు మహాపందెములను గెలువగా, మూడింటను రెండవదిగా వచ్చినది ఆలీడార్. చివరి పందెములో ఎడము తల అంత మాత్రమే. ఆలీడార్ సంతానము తరువాత పెద్ద పందెములను గెలిచి తండ్రి పేరును నిలబెట్టినది. షామ్ పేరు అంతగా నిలువలేదు. దాని కథ అంతయు మరొకదాని కథలో ఒక అధ్యాయముగా మిగిలిపోయినది.

కొలిచే పద్ధతిలోనే ఈ మరపు ఉన్నదని మా అభిప్రాయము. మొదటిదానికి గడియారము, మిగిలిన వాటికి దూరము. ప్రీక్‌నెస్‌లో గెలిచిన గుర్రపు కాలము తప్పు పడితే 39 ఏండ్ల తరువాతనైనను సరిదిద్దినారు. దాని వెనుక నిలిచి పోరాడినవారున్నారు. రెండవదానికి సరిదిద్దుటకు అసలు అంకెయే లేదు. మన ఊళ్లలో పరీక్షల ఫలితములు వచ్చిన వారము పత్రికలు చూడండి. మొదటి ర్యాంకు పిల్లల బొమ్మలు నిలువెత్తున ఉండును. అర మార్కు తేడాతో ఆగిన పిల్ల ఆ పుటలో ఎక్కడను ఉండదు. ఆ పిల్ల ఇంట్లో ఆ సాయంకాలము ఎట్లు గడచునో తల్లిదండ్రులకు తెలియును. ఆ పిల్లను మూడవదాని కంటె ఎంత ముందున్నదో చూచి కొలువరు. మొదటిదాని కంటె ఎంత వెనుకనో చూచి కొలుస్తారు. షామ్‌ను ఆ రెండవ కొలతతో కాక మొదటి కొలతతో చూచినప్పుడే మాకు దాని ఎత్తు తెలిసినది.

గెలుపును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. సెక్రటేరియట్ నిజముగానే మేటి గుర్రము. దాని కీర్తి ఎవరి దయవలనను వచ్చినది కాదు. కాని ఒకదాని ఎత్తు తెలియవలెనంటే ప్రక్కన మరొక ఎత్తైనది నిలువవలెను. డెర్బీలో రెండవ గుర్రము పది పొడవుల వెనుక ఉండి ఉంటే, ఆ పరుగు ఇంత గొప్పదని మనకు తెలిసేది కాదు.

అజీజ్‌నగర్ లాయములో ఆ ఉదయము ఎండ ఎక్కినది. సాయీసు నానబెట్టిన ఉలవలు తెచ్చి రాజా ముందు పెట్టినాడు. గుర్రము గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. పందెములకు పనికిరాని గుర్రమునకు మాత్రము ఆ దాణా దొరుకుట అన్నిచోట్లను నిశ్చయము కాదు. పరుగు ముగిసిన గుర్రమును పిల్లలకు స్వారీ నేర్పుటకైనను సాకుకొనే చోటు దొరుకుట దాని అదృష్టమే. తరువాత రాజాను, మరొక గుర్రమును మైదానములో కొంతసేపు నడిపించి, దౌడు తీయించినాడు. మేము ఆ చప్పుడును ముద్రించుకొని నగరమునకు తిరిగి వచ్చినాము.

ఆ ముద్రణను ఎన్నోసార్లు విన్నాము. రెండు గుర్రముల డెక్కలు అందులో వినబడుతున్నవి. వాటిలో ఏది ముందున్నదో చెవికి తెలియదు. రెండవసారి పోయినప్పుడు రాజా పందెపు పేరేదో కనుగొని వ్రాసుకొని రమ్మని మా సహోద్యోగికి చెప్పినాము. సాయీసు పాత కాగితములు వెదికి చూపినాడు. ఆ పేరు ఇప్పుడు మా శబ్దభాండారములోని ఆ ముద్రణ అట్టపెట్టె మీద వ్రాసి ఉన్నది.